ఊపిరి బిగపట్టే అలవాటు మాన్పించడం ఎలా: కొత్త స్కూబా డైవర్లకు అత్యవసరంగా పైకి రావడం నేర్పే పద్ధతి

కళింగపట్నం వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడు మొదటి రోజు కొలను అడుగున కూర్చుని, రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికి అందించే పరికరం) నోట్లో ఉండగానే ఊపిరి బిగపట్టేశాడు. బుడగలు రావడం లేదని పైకి తీసుకొచ్చి అడిగాను. "అలవాటన్నా, నీళ్లలోకి దిగితే ఊపిరి దానంతటదే ఆగిపోద్ది" అన్నాడు. చిన్నప్పటి నుంచి ఊరి చెరువులోనూ వంశధార మొగలోనూ ఎవరు ఎక్కువసేపు మునుగుతారని పందేలు కాసి గెలిచినవాడు. ఈతలో నాకంటే మేలు. కానీ స్కూబాలో అతని ప్రాణం మీదికి తెచ్చేది సరిగ్గా ఆ నేర్పే.

చింతపల్లి నుంచి బారువ దాకా మన ఉత్తరాంధ్ర తీరంలో స్కూబా నేర్చుకోవాలని వచ్చే కుర్రాళ్లలో ఇలాంటివాళ్లే ఎక్కువగా కనిపిస్తారు. నీళ్లంటే భయం ఉండదు. టెన్షన్ వచ్చినప్పుడు మాత్రం ఒళ్లు పాత అలవాటుకే పోతుంది: ఊపిరి బిగపట్టి పైకి దూసుకురావడం. వాళ్లకు అత్యవసరంగా పైకి రావడం నేర్పాలంటే ఈ అలవాటుతోనే మొదలుపెట్టాలి. మీరు ఇన్‌స్ట్రక్టర్ అయినా, ఇన్‌స్ట్రక్టర్‌కు సాయం చేసే డైవ్‌మాస్టర్ అయినా, రేపు కోర్సులో చేరబోతున్నా ఇది మీకోసమే. ఒక్క హెచ్చరిక. లోతు నుంచి నిలువుగా పైకి వచ్చే అభ్యాసాన్ని సర్టిఫికెట్ ఉన్న ఇన్‌స్ట్రక్టర్ పక్కన లేకుండా ఎవరూ చేయకూడదు. స్నేహితులిద్దరూ కలిసి సరదాగా ప్రయత్నించే పని కాదిది.

ముందు కారణం చూపించండి

నీళ్లలో 10 మీటర్లు దిగితే ఒంటి మీద ఒత్తిడి గట్టు మీదికంటే రెట్టింపు అవుతుంది. 20 మీటర్ల దగ్గర మూడు రెట్లు. సిలిండర్ నుంచి పీల్చే గాలి ఆ ఒత్తిడికి సమానంగా వస్తుంది కాబట్టే లోతులోనూ మనం మామూలుగా ఊపిరి తీసుకోగలుగుతాం. కానీ 10 మీటర్ల దగ్గర నిండా పీల్చిన గాలి పైకి వచ్చేసరికి రెట్టింపు చోటు అడుగుతుంది. ఊపిరితిత్తులు అంత సాగవు. నోరు మూసుకుని ఉంటే అవి చిరుగుతాయి. ఆ గాలి రక్తంలోకి చేరి మెదడుకు పోతే మనిషి నీటిపైకి వచ్చిన కొద్ది నిమిషాల్లోనే స్పృహ తప్పవచ్చు.

చెరువులో మునిగేవాడికి ఈ బాధ లేదు. అతను గట్టు మీద పీల్చిన గాలితో దిగుతాడు, అది లోతులో కుంచించుకుని, పైకి వచ్చేసరికి మళ్లీ మొదటి సైజుకే వస్తుంది. ఈ తేడాను విడమరిచి చెప్పండి. "నువ్వు ఇన్నాళ్లూ చేసింది తప్పు కాదు, ఇక్కడ గాలి వేరు" అంటే కుర్రాడు చిన్నబుచ్చుకోడు, వింటాడు.

మాటలకంటే బెలూన్ బాగా చెబుతుంది. కొలను అడుగున, రెండున్నర మీటర్ల లోతులో, ఆక్టోపస్ (అవసరానికి ఉంచుకునే రెండో రెగ్యులేటర్) గాలితో బెలూన్ నింపి ముడివేయండి. విద్యార్థి చేతికిచ్చి నెమ్మదిగా పైకి తీసుకురమ్మనండి. అది దాదాపు పావు వంతు పెరుగుతుంది. ముందే బిగుతుగా నింపితే పైకి వస్తూ పగిలిపోతుంది కూడా. మనిషి ఊపిరితిత్తులకు ప్రమాదం రావడానికి అంత లోతు కూడా అక్కర్లేదు, నిండా పీల్చి బిగపడితే మీటరున్నర లోపే దెబ్బ తగలవచ్చు. కొలనులోనే కదా అని తేలిగ్గా తీసుకునేవాళ్లకు ఈ మాట గట్టిగా చెప్పండి.

గట్టు మీద 'ఆ'

నీళ్లలోకి దిగకముందే అందరినీ నిలబెట్టి 'ఆ' అనిపించండి. తల కొద్దిగా పైకెత్తి, గొంతు వదులుగా పెట్టి, సన్నగా, ఆగకుండా. గట్టిగా అరవక్కర్లేదు. ఒకే ఊపిరిలో 30 సెకన్లు లాగగలగాలి. మొదట్లో చాలామంది 10 సెకన్లకే ఖాళీ అయిపోతారు, ఎందుకంటే ఉన్నదంతా ముందే ఊదేస్తారు. కొవ్వొత్తి మంట ఆరకుండా వణికేంత సన్నగా వదలమని చెబితే దారిలో పడతారు. విజయనగరం సంగీత కళాశాలలో గాత్రం నేర్చుకున్న అమ్మాయి ఒకసారి నా బ్యాచ్‌లో ఉండేది. నిలకడగా ఊపిరి వదలడం ఆమెకు ముందే వచ్చు. ఆ రోజు మిగతావాళ్లకు నేను చెప్పడం మానేసి ఆమెనే చూపించమన్నాను.

తర్వాత రెగ్యులేటర్ నోట్లో పెట్టుకుని ఇదే పని చేయించండి. అలా 'ఆ' అంటూ ఇసుకలో 9 మీటర్లు నడిపించండి, అరనిమిషం పట్టేలా. 9 మీటర్లు, అరనిమిషం. ఇదే లెక్క రేపు నీళ్లలోనూ ఉంటుంది. ఒంటికి ముందే తెలిసిపోవాలి.

గాలి అయిపోకుండా చూసుకోవడం

అత్యవసరంగా పైకి రావడం ఎంత బాగా నేర్పినా, ఆ అవసరం రాకుండా చూసుకోవడం అంతకంటే ముందు నేర్పాలి. సిలిండర్ చెడిపోయి గాలి ఆగడం చాలా అరుదు. రెగ్యులేటర్లను తయారు చేసే పద్ధతే అలాంటిది: పాడైతే గాలి ఆగిపోకుండా, ధారగా బయటకు వచ్చేస్తుంది. అలా ధారగా వస్తుంటే పెదాలు బిగించకుండా, పక్క నుంచి కారనిస్తూ, కావలసినంత పీల్చుకుంటూ పైకి రావచ్చు. దీన్ని కొలనులో తప్పకుండా చేయించండి, పిల్లలకు ధైర్యం వస్తుంది.

గాలి అయిపోవడానికి మామూలు కారణాలు రెండు. ఒకటి, సిలిండర్‌లో ఎంత గాలి మిగిలిందో చూపే గేజ్‌ను చూడకపోవడం. రెండోది, వాల్వ్ సగమే తిప్పి దిగడం. ఈ రెండోదాన్ని పడవ మీదే పట్టుకోవచ్చు. రెగ్యులేటర్‌తో నాలుగు ఊపిర్లు లోతుగా పీలుస్తూ గేజ్ వైపు చూడమనండి. పీల్చినప్పుడల్లా ముల్లు కిందికి పడి మళ్లీ లేస్తుంటే వాల్వ్ సరిగా తెరవలేదన్నమాట. ఆక్టోపస్‌తోనూ రెండు ఊపిర్లు తీయించండి. మన ఒడ్డున ఇసుక దేన్నీ వదలదు. పడవ ఎక్కేటప్పుడు కిందపడ్డ ఆక్టోపస్‌లో రెండు గింజల ఇసుక చిక్కినా అది గాలి కారడం మొదలుపెడుతుంది.

సిలిండర్‌లో 50 బార్లు (బార్ అంటే గాలి ఒత్తిడి కొలత) మిగిలేలా నీటిపైకి రావాలని ఎందుకంటామో లెక్క చేసి చూపించండి. 11 లీటర్ల సిలిండర్‌లో 50 బార్లంటే 550 లీటర్ల గాలి. వినడానికి చాలా ఉన్నట్టుంటుంది. కంగారుపడ్డ మనిషి నిమిషానికి 30 లీటర్లు పీలుస్తాడనుకోండి. 18 మీటర్ల దగ్గర దానికి 2.8 రెట్లు, అంటే 84 లీటర్లు. ఇద్దరు ఒకే సిలిండర్ మీద ఉంటే 168. ఆ 550 లీటర్లు మూడు నిమిషాలకు కాస్త పైన వస్తాయి, అంతే. నిమిషానికి 9 మీటర్ల వేగంతో పైకి రావడానికే రెండు నిమిషాలు. ఈ లెక్కను మీరు చెప్పేయకుండా వాళ్లతోనే పలక మీద వేయించండి. ఆ తర్వాత గేజ్ చూడమని మీరు వాళ్లకు గుర్తు చేయాల్సిన పని చాలావరకు తగ్గిపోతుంది.

ఏ దారి ముందు, ఏది తర్వాత

గాలి తగ్గిందేగానీ ఇంకా వస్తూ ఉంటే మామూలుగా, బడ్డీతో (జంటగా దిగిన తోటి డైవర్‌తో) కలిసి పైకి రావాలి. గాలి రావడం లేదు, బడ్డీ దగ్గర్లో ఉన్నాడు: అతని ఆక్టోపస్ తీసుకోవాలి. బడ్డీ దూరంగా ఉన్నాడు, మీరు 9 మీటర్ల లోతులోనో అంతకంటే పైనో ఉన్నారు: 'ఆ' అంటూ అదుపులో ఈదుతూ రావాలి, డైవర్లు దీన్నే సెసా అంటారు. అంతకంటే లోతు, దగ్గర ఎవరూ లేరు, ఈది పైకి చేరతామన్న నమ్మకం లేదు: నడుముకున్న బరువుల బెల్ట్ (వెయిట్ బెల్ట్) వదిలేసి తేలుతూ రావాలి. ఈ వరుస నిద్రలో లేపి అడిగినా చెప్పగలగాలి.

నాకు నేర్పిన చోట ఈ వరుసను బోర్డు మీద రాసి, ఆక్టోపస్ పనిని ఐదు నిమిషాల్లో ముగించి, మధ్యాహ్నమంతా సెసా చేయించారు. చూడటానికి సాహసంగా ఉంటుంది కాబట్టి అందరికీ అదే గుర్తుండిపోయింది. ఆ తర్వాత ఒక డైవ్‌లో నాకు నిజంగా గాలి తగ్గినప్పుడు బడ్డీ రెండు మీటర్ల దూరంలోనే ఉన్నాడు. నేను అతని వైపు తిరగకుండా పైకి చూశాను. అతనే నా కాలు పట్టి లాగి ఆక్టోపస్ చేతిలో పెట్టాడు. అప్పటి నుంచి నా తరగతిలో పది వంతుల సమయం ఉంటే తొమ్మిది వంతులు ఆక్టోపస్‌కే.

బడ్డీ గాలితో పైకి రావడం

ఆక్టోపస్ ఉండాల్సిన చోటు గడ్డానికీ కింది పక్కటెముకలకూ మధ్య, ఎదురుగా కనిపించేలా. జేబులో దోపితే లేనట్టే లెక్క. సైగలు రెండూ స్పష్టంగా నేర్పండి: గాలి తక్కువగా ఉందంటే పిడికిలి గుండెకు ఆనించడం, గాలి అయిపోయిందంటే అరచేతిని గొంతుకు అడ్డంగా కోస్తున్నట్టు కదపడం.

మొదట మోకాళ్ల మీద కూర్చుని చేయించండి. సైగ చేయాలి, ఆక్టోపస్ అందుకోవాలి, నోట్లో పెట్టుకుని ముందు ఊది నీళ్లు పోగొట్టాలి, ఆ తర్వాతే పీల్చాలి. ఈ ఊదడం మరిచిపోయి ఉప్పునీళ్లు మింగేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. నోట్లో రెగ్యులేటర్ లేని ఆ కొన్ని క్షణాల్లోనూ సన్నగా బుడగలు వస్తూనే ఉండాలి. నేను మాస్క్ లోంచి చూసేది వాళ్ల చేతులను కాదు, ఆ బుడగలనే. తర్వాత ఇద్దరూ ఒకరి కుడి ముంజేయి ఒకరు గట్టిగా పట్టుకోవాలి. కళ్లలోకి చూసుకుని 'ఓకే' సైగ చేసుకోవాలి. రెండు మూడు ఊపిర్లు నిదానంగా తీసుకున్నాకే బొటనవేలు పైకి చూపించి బయల్దేరాలి.

పైకి వస్తున్నప్పుడు ఎడమ చేత్తో ఎవరి బీసీడీలోని (గాలితో తేలేలా చేసే జాకెట్‌లోని) గాలిని వాళ్లే వదులుకుంటూ ఉండాలి. లోతులో కొంచెమే ఉన్న గాలి పైకి వచ్చేకొద్దీ ఉబ్బి, ఇద్దరినీ బంతిలా పైకి విసురుతుంది. ఈ ఒక్కటీ కుదరాలంటే కనీసం ఐదారుసార్లు చేయించాలి. ముందు చెప్పి చేయించండి. ఆ తర్వాత చెప్పకుండా, కొలనులో ఈదుతుండగా ఎవరో ఒకరికి పలక మీద 'గాలి లేదు' అని రాసి చూపించండి. అప్పుడు బడ్డీ ఎంత దూరంలో ఉన్నాడో వాళ్లకే తెలుస్తుంది. మీరు 'దగ్గరగా ఉండండి' అని పదిసార్లు చెప్పినా రాని మార్పు అక్కడ వస్తుంది.

సెసా: ముందు అడ్డంగా, తర్వాత నిలువుగా

కొలనులో అడుగుకు సమాంతరంగా 9 మీటర్లు ఈదించండి. రెగ్యులేటర్ నోట్లోనే ఉండాలి, 'ఆ' ఆగకూడదు. సగంలో ఆగిపోయినవాళ్లను మందలించకండి, పైకి వచ్చేటప్పుడు ఇంత కష్టం ఉండదని చెప్పండి. ఊపిరితిత్తుల్లోని గాలి పెరుగుతూ ఉంటుంది కాబట్టి వదిలేకొద్దీ ఇంకా ఉంటుంది. రెగ్యులేటర్ తీసేయకూడదనడానికి ఇంకో కారణం ఉంది: లోతులో ఖాళీ అనిపించిన సిలిండర్ కూడా, పైన ఒత్తిడి తగ్గాక ఒకటి రెండు ఊపిర్లు ఇవ్వవచ్చు.

సముద్రంలో నిలువుగా చేయించే రోజు రానే వస్తుంది. పాడి (PADI) అనే డైవింగ్ శిక్షణ సంస్థ కోర్సులో దీన్ని 6 నుంచి 9 మీటర్ల లోతు నుంచి చేయిస్తారు. కొన్ని సంస్థలు ఈ నిలువు అభ్యాసం అక్కర్లేదని మానేశాయి కూడా. మీ సంస్థ నియమం ఏదైతే అదే పాటించండి, దానికి మించి ఒక్క మీటరు కూడా వద్దు.

తాడు కట్టాలి. వేటకు వాడే నైలాన్ తాడు సరిపోతుంది, కింద బరువు, పైన బోయ్ (నీటిపై తేలే బుంగ). తాడును పడవకు కట్టకండి. కెరటానికి పడవ లేచినప్పుడల్లా తాడు కుదుపుతుంది, మీ చేయి, విద్యార్థి కూడా దాంతో పాటే ఎగురుతారు. బోయ్‌కు కడితే ఆ కుదుపు చాలా తగ్గుతుంది. అడుగు పట్టేవరకు వదిలి, మీటరుకో రంగు పీలిక కట్టుకుంటే వేగం కళ్లకు కనిపిస్తుంది.

మన తీరంలో రోజు ఎంచుకోవడమే సగం పని. వానాకాలంలో వంశధార, నాగావళి బురదనీళ్లు మొగల చుట్టూ చాలా దూరం కమ్ముకుంటాయి. సముద్రపు వడి కూడా కాలాన్ని బట్టి తిరుగుతుంది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి, ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరానికి. విద్యార్థి బుడగలు మీకు స్పష్టంగా కనిపించనంత మసకగా ఉంటే, తాడు వాలిపోయేంత వడి ఉంటే, ఆ రోజు పని ఆపేయండి. డబ్బు కట్టారు, దూరం నుంచి వచ్చారు అని మొహమాటపడకండి. ఊళ్లో వేటకు వెళ్లే పెద్దవాళ్లను ముందు రోజు సాయంత్రం అడిగితే నీటి సంగతి ఏ యాప్ కంటే కచ్చితంగా చెబుతారు. వలలు ఎక్కడ వేశారో కూడా వాళ్లకే తెలుస్తుంది. తలపైన వల ఉన్నచోట పైకి ఈదడమంటే వలలోకి ఈదడమే.

ఒక్కసారికి ఒక్కరే. మీ ఒక చేయి తాడు మీద, రెండో చేయి విద్యార్థి బీసీడీ పట్టీ మీద. విద్యార్థి కుడి చేయి తలపైకి చాచాలి, ఎడమ చేయి బీసీడీ గాలి వదిలే మీట మీద ఉండాలి, చూపు పైకి ఉండాలి. పైకి చూడటం వల్ల దారి కనిపిస్తుంది, గొంతు కూడా తెరుచుకుని ఉంటుంది. ఒక మామూలు ఊపిరి పీల్చి, 'ఆ' అంటూ బయల్దేరాలి. వేగం నిమిషానికి 18 మీటర్లు దాటకూడదు, అంటే 9 మీటర్లకు అరనిమిషం. బుడగలు ఆగిన మరుక్షణం తాడును గట్టిగా పట్టి ఇద్దరినీ ఆపేయండి, రెగ్యులేటర్‌తో మామూలుగా ఊపిరి తీసుకోమనండి. ఆ ప్రయత్నం అక్కడితో ముగిసినట్టే. బాగా చేసినవాళ్లతో మళ్లీ చేయించకండి, ఒక్కసారి చాలు. మీ గురించి కూడా ఆలోచించుకోండి. నలుగురు విద్యార్థులుంటే మీరు నాలుగుసార్లు కిందికీ పైకీ తిరుగుతారు. అది మీ ఒంటికి మంచిది కాదు, బ్యాచ్‌ను రెండు రోజులకు పంచుకోండి.

బెల్ట్ వదిలి తేలుతూ రావడాన్ని నిజంగా చేయించకండి. వేగం చేతుల్లో ఉండదు. గట్టు మీదా, కొలను అడుగున కూర్చునీ బక్కిల్ విప్పి, బెల్ట్‌ను ఒంటికి దూరంగా చాచి పట్టుకోవడం వరకు చాలు.

నీటిపైకి వచ్చాక

చాలామంది తల నీటిపైకి రాగానే పని అయిపోయిందనుకుని రెగ్యులేటర్, మాస్క్ తీసేస్తారు. మన కెరటాల మధ్య అది చాలా ప్రమాదం. నిజంగా గాలి అయిపోయి వచ్చినప్పుడు సిలిండర్ ఖాళీ కాబట్టి బటన్ నొక్కితే బీసీడీ నిండదు, మనిషి మళ్లీ మునుగుతాడు. అందుకే సెసా అక్కడితో పూర్తయినట్టు లెక్కపెట్టకండి. కాళ్లు ఆడిస్తూ బీసీడీని నోటితో ఊదించండి. రెండు ఊదులు, ఒక ఊపిరి, మళ్లీ రెండు ఊదులు. అది నిండక తేలలేకపోతే బెల్ట్ వదిలేయడమే. బీసీడీ నిండి, 'ఓకే' సైగ పడవకు అందాకే మార్కులు వేయండి.

కోర్సుకు ముందు ఆరోగ్య పత్రం తప్పకుండా నింపించండి. ఉబ్బసం, ఎప్పుడైనా వచ్చిన టీబీ, ఊపిరితిత్తి కుదించుకుపోయిన చరిత్ర, ఇటీవలి దగ్గు, కఫం ఉంటే డాక్టర్ సరే అన్నాకే నీళ్లలోకి. మన దగ్గర టీబీ వచ్చి తగ్గిపోయినవాళ్లు ఆ మాట చెప్పడానికి సిగ్గుపడతారు. అందరి ముందు కాకుండా విడిగా, మెత్తగా అడగండి. మచ్చపడ్డ ఊపిరితిత్తిలో గాలి చిక్కుకుంటే 'ఆ' అన్నా బయటకు రాదు.

పడవ మీద ఆక్సిజన్ కిట్ లేకుండా ఈ అభ్యాసం వద్దు. పైకి వచ్చిన 10 నిమిషాల్లో ఎవరైనా స్పృహ తప్పినా, మాట తడబడినా, ఒక పక్క చేయి, కాలు పట్టు తప్పినా, ఛాతీ నొప్పి, నోట రక్తపు నురగ, మారిన గొంతు, మెడ దగ్గర చర్మం కింద కరకరలాడటం కనిపించినా దాన్ని ఊపిరితిత్తుల దెబ్బగానే భావించండి. వెల్లకిలా పడుకోబెట్టండి, తల కిందికి వంచొద్దు, స్వచ్ఛమైన ఆక్సిజన్ పెట్టండి. ఊపిరి లేకపోతే సీపీఆర్ మొదలుపెట్టండి. ఒడ్డుకు 108, సముద్రంలో సాయానికి కోస్ట్ గార్డ్ 1554. ఇలాంటి దెబ్బకు కావలసిన రీకంప్రెషన్ చాంబర్ (మనిషిని మళ్లీ ఎక్కువ ఒత్తిడిలో ఉంచి చికిత్స చేసే గది) విశాఖలో నౌకాదళం దగ్గర ఉంది. శ్రీకాకుళం నుంచే ఆ దూరం 100 కిలోమీటర్లు దాటుతుంది, బారువ నుంచైతే దాదాపు రెట్టింపు. ఎవరికి ఫోన్ చేయాలో, ఏ ఆసుపత్రి ద్వారా వెళ్లాలో డైవ్‌కు ముందే కనుక్కుని పడవ నడిపే అన్న దగ్గర కూడా కాగితం మీద రాసి పెట్టండి. మీరు నీళ్లలో ఉన్నప్పుడు ఫోన్ చేయాల్సింది ఆయనే.

అంతా బాగా జరిగినా ఆ సాయంత్రం ఎవరినీ అరకు ఘాట్ ఎక్కనివ్వకండి. అరకు 900 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ గాలి ఒత్తిడి ఇంకా తక్కువ. ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, రెండు మూడు చేస్తే 18 గంటలు ఆగాకే కొండ దారి పట్టమనండి. చింతపల్లిలో డైవ్, రాత్రికి అరకు అని ప్లాన్ వేసుకుని వచ్చేవాళ్లు ఉంటారు కాబట్టి, ఈ మాట బుకింగ్ రోజునే చెప్పేయండి.